మంచి భర్త దొరికాడు కదా, ఇంకేం?

మొన్న ఒక పాత స్నేహితురాలు ఫోన్ చేసింది. వాళ్లమ్మాయికి 19 ఏళ్లు. ప్రేమించిన అబ్బాయి ఇక కుదరదని చెప్పి వెళ్లిపోయాడట. పిల్ల గదిలోంచి బయటికి రావడం లేదు, రాత్రిళ్లు నిద్ర లేదు, ఏమడిగినా గోడవైపు తిరిగి పడుకుంటోంది. "నువ్వొకసారి దానితో మాట్లాడవే. నీ కథ చెప్పు. నీకూ ఆ వయసులో ఇలాగే అయింది కదా, తర్వాత ఎంత మంచి మనిషి దొరికాడు! నా మాట వినదు గానీ నీ మాటైతే వింటుంది" అంది.

మాట్లాడతానన్నాను. నా కథ మాత్రం ఇప్పుడే చెప్పనన్నాను. ఆమెకు కోపం వచ్చింది. "సుఖాంతమైన కథే కదా, చెబితే నీదేం పోయింది?" అంది. అప్పటికప్పుడు సరైన జవాబు నోటికి రాలేదు. అప్పటినుంచీ అదే ఆలోచన. ఇప్పుడు వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చిన్న వయసులో మనసు విరిగినవాళ్లతో "ఇంతకంటే మంచివాళ్లు దొరుకుతారులే" అనడం, అది రేపు నిజమే అయినా సరే, ఆ సమయానికి పనికిరాని సలహా. ఇంకొంచెం ముందుకెళ్లి కూడా అంటాను. తర్వాత కుదిరిన మంచి పెళ్లిని చూపించి, ముందు పడ్డ బాధను కొట్టిపారేయడం అన్యాయం. మా ఆయనంటే నాకు ప్రాణం. మా పెళ్లి నా జీవితంలో జరిగిన మంచి విషయాల్లో మొదటిది. అయినా ఈ మాట అంటున్నాను.

ఆ నొప్పి చిన్నదేం కాదు

"ఆ వయసులో అందరికీ అయ్యేదే" అంటాం. అందరికీ అవుతుంది కాబట్టి తేలికైనదని మనలో ఏదో లెక్క. పంటినొప్పి కూడా అందరికీ వస్తుంది, వచ్చినవాళ్లకి అది తేలిగ్గా ఏం ఉండదు.

2010లో హెలెన్ ఫిషర్ అనే మానవశాస్త్రవేత్త, ఆమె సహచరులు కలిసి, ప్రేమించినవాళ్లు వదిలేసి వెళ్లినా ఇంకా మర్చిపోలేకపోతున్న 15 మంది యువతీయువకులను స్కానర్‌లో పడుకోబెట్టి, ఆ వెళ్లిపోయిన మనిషి ఫోటో చూపించారు. అప్పుడు మెదడులో చురుగ్గా కనిపించిన చోట్లలో కొన్ని, బలమైన కోరికకూ కొకైన్ వ్యసనానికీ సంబంధించిన పరిశోధనల్లో కనిపించే చోట్లే. బంధం తెగిపోయినా లోపల వెతుకులాట ఆగలేదన్నమాట. ఇది తెలిశాక, "మర్చిపో" అని పిల్లలకి ఆజ్ఞాపించడం ఎంత అర్థంలేనిదో నాకు బాగా తెలిసొచ్చింది. వాళ్లు మర్చిపోనని మొండికేయడం లేదు. అది వాళ్ల చేతిలో లేదు.

మరుసటి ఏడాది, 2011లో, ఈథన్ క్రాస్ బృందం 40 మందితో చేసిన పరిశోధన ఇంకా పేరు తెచ్చుకుంది. వాళ్లంతా గత ఆరునెలల్లో తమకిష్టం లేకుండానే విడిపోయినవాళ్లు. ఒకసారి ఆ పాత మనిషి ఫోటో చూపించారు, ఇంకోసారి ముంజేతికి వేడి తగిలించారు. రెండు సందర్భాల్లోనూ మెదడులో కొన్ని భాగాలు ఒకేలా స్పందించాయి. ఇంకేముంది, మనసు విరగడమూ చెయ్యి కాలడమూ ఒకటేనని అంతటా ప్రచారమైపోయింది. అయితే 2014లో, క్రాస్ కూడా భాగమైన ఒక బృందం అదే సంగతిని మరింత సూక్ష్మంగా పరిశీలించి, చోటు ఒకటే అయినా ఆ రెండు నొప్పుల తీరు వేరువేరుగా ఉందని చెప్పింది. ఈ సవరణ గురించి పెద్దగా ఎవరూ మాట్లాడుకోరు. నాకు మాత్రం ఇదే ఎక్కువ నచ్చింది. మనసు విరిగిన బాధకు గౌరవం దక్కాలంటే అది కాలిన గాయంతో సమానమని నిరూపించుకోవాలా? అది ఇంకో రకం నొప్పి. దాని బరువు దానికుంది.

ఆ బరువు ఒక్కోసారి ప్రమాదం దాకా పోతుంది. స్కాట్ మన్రో, ఆయన సహచరులు 1999లో ప్రచురించిన అధ్యయనంలో, టీనేజ్ పిల్లల్లో ప్రేమ బంధం తెగిపోవడానికీ జీవితంలో మొట్టమొదటిసారి తీవ్రమైన డిప్రెషన్ రావడానికీ సంబంధం కనబడింది. తెగిపోయిన ప్రతివాళ్లకీ వస్తుందని కాదు. కానీ ఇంట్లో "ఏముందిలే, నాలుగు రోజుల్లో అదే సర్దుకుంటుంది" అనుకుని పక్కకు తిరిగితే, సర్దుకోని పిల్లని గమనించే మనిషే లేకుండా పోతారు.

పెద్దవాళ్ల అంచనా తప్పనీ అనను

ఇక్కడ నా వాదనకి ఎదురుగా నిలబడే విషయాలు కొన్ని ఉన్నాయి. వాటిని దాటేసి పోలేను.

పిల్లల ప్రేమ ఎన్నాళ్లు నిలుస్తుందో పిల్లలకంటే పెద్దవాళ్లే బాగా చెప్పగలరు. కెనడాలో తారా మెక్‌డొనాల్డ్, మైకేల్ రాస్ అనే ఇద్దరు 1999లో ప్రచురించిన పరిశోధన ఇది. ప్రేమలో ఉన్న యూనివర్సిటీ విద్యార్థులను, వాళ్ల రూమ్‌మేట్లను, తల్లిదండ్రులను విడివిడిగా అడిగారు, ఈ బంధం ఎన్నాళ్లుంటుందని. ప్రేమికులు చాలాకాలం ఉంటుందన్నారు. రూమ్‌మేట్లు, తల్లిదండ్రులు అంత నమ్మకంగా చెప్పలేదు. చివరికి ఈ బయటివాళ్లు చెప్పిందే నిజానికి దగ్గరగా వచ్చింది. ప్రేమలో ఉన్నవాళ్లు ఆ బంధంలోని మంచినే ఎక్కువగా చూసుకుని లెక్క వేశారట. ప్రేమలో ఉన్న మనిషి ఇంకేం చూస్తారు?

ఎంత బాధపడతామన్న విషయంలోనూ మన అంచనా మించిపోతుంది. పాల్ ఈస్ట్‌విక్, ఎలి ఫింకెల్ తదితరులు 2008లో ఇంకో సంగతి బయటపెట్టారు. బంధంలో ఉండగానే యువతను, "విడిపోతే ఎంత బాధపడతావు?" అని అడిగి ఉంచారు. తర్వాత నిజంగా విడిపోయినవాళ్ల బాధను దానితో పోల్చి చూశారు. అనుకున్నంత బాధ లేదు. ఎక్కువ ప్రేమలో ఉన్నవాళ్లే ఎక్కువ తప్పుగా అంచనా వేశారు.

కాబట్టి "తట్టుకుంటావు, కొన్నాళ్లకి తగ్గుతుంది" అనే అమ్మానాన్నలు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లు వయసులో ఆ దారి దాటి వచ్చినవాళ్లు. మరి నిజం చెబితే తప్పేంటి?

తప్పు ఎక్కడుందంటే, పిల్ల ఆ సమయంలో భవిష్యత్తు గురించి అడగడమే లేదు. పోయింది ఒక మనిషి. ఒక రకంగా నవ్వే, ఒక రకంగా పేరు పెట్టి పిలిచే, ఫలానా మాటకి ఫలానాలా ఉలిక్కిపడే ఒక్కగానొక్క మనిషి. ఎవరైనా చనిపోయిన ఇంటికి వెళ్లి "ఇంకొకరు దొరుకుతారులే" అని ఎవరమైనా అంటామా? అనం. ఆ మనిషి స్థానం ఖాళీ అయిందన్న మాటకంటే ఆ మనిషే లేరన్న మాట పెద్దదని అక్కడ మనకు అర్థమవుతుంది. ప్రేమ విషయంలోనే ఆ తేడా మర్చిపోతాం, పైగా అటువైపు వ్యక్తి ఎక్కడో హాయిగా బతికే ఉన్నాడన్నది బాధను పెంచుతుందే గానీ తగ్గించదు.

ఆ మాట చేసే ఇంకో పని ఉంది. "వీళ్లకి నా బాధ అర్థం కాదు" అని పిల్ల ఆ క్షణమే తీర్మానించుకుంటుంది. ఇక ఆ తర్వాత చెప్పాల్సినవి చెప్పదు. ఎన్ని రాత్రులు నిద్రపోలేదో, ఏమేం ఆలోచనలొస్తున్నాయో ఏవీ బయటికి రావు.

నాన్న ఖర్చుల పుస్తకం

నాకు అలా జరిగినప్పుడు డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. అతనెవరు, ఎందుకు వెళ్లిపోయాడు అన్నవి ఇక్కడ అనవసరం. ఒక ఉత్తరం రాసి వెళ్లిపోయాడు. ఆ ఉత్తరంలో ఏ వాక్యం దగ్గర కలం ఆగిందో, ఏ అక్షరం దిద్దాడో కూడా చెప్పగలిగేంతగా చదివాను.

అమ్మ మొదటి రోజునుంచే ధైర్యం చెప్పడం మొదలుపెట్టింది. "నీకేం తక్కువ? వాడి తలదన్నేవాడు వస్తాడు చూడు" అనేది. తలదన్నేవాడు నాకెందుకు? నాకు అతనే కావాలి. ఆ సంగతి పైకి అంటే అమ్మ మొహం ఎలా మారిపోతుందో తెలుసు కాబట్టి తలూపి ఊరుకునేదాన్ని. నన్ను ఓదార్చడానికి వచ్చిన మనిషిని నేనే జాగ్రత్తగా చూసుకోవాల్సి వచ్చేది.

నాన్న తీరు వేరు. ఆయన ఇంటి ఖర్చులన్నీ ఒక పొడుగాటి పుస్తకంలో రాసేవారు. రాత్రి అందరి భోజనాలూ అయ్యాక ఆ పుస్తకం, రసీదుల కట్ట పట్టుకుని నా గదిలోకొచ్చి మంచం చివర కూర్చునేవారు. "కళ్లు సరిగ్గా కనబడట్లేదమ్మా, నేను చదువుతా, నువ్వు రాయి" అనేవారు. ఆయన కళ్లకేం కాలేదని నాకు తెలుసు. ఆయన ఒక్కో రసీదూ తీసి అంకె చదివేవారు, నేను రాసేదాన్ని. మధ్యలో ఏడుపొస్తే ఆపేవారు. ఏమీ అనేవారు కాదు. నేను మళ్లీ కలం పట్టేదాకా రసీదుల అంచులు సరిచేసుకుంటూ కూర్చునేవారు. పేజీ కింద కూడిక తప్పితే "మళ్లీ కూడు" అనేవారు, మామూలు రోజుల్లో అన్నట్టే. ఇంట్లో అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్న రోజులవి. ఆ "మళ్లీ కూడు" ఒక్కటే నన్ను మామూలు మనిషిగా లెక్కేసిన మాట. ఇప్పటికీ ఆ స్వరం నాకు చెవిలో వినబడుతుంది.

ఒక రాత్రి నేనే అడిగాను, "అతను చెడ్డవాడంటారా నాన్నా?" అని. పుస్తకం మూసి కాసేపు ఆలోచించారు. "నాకు అతను తెలియదు, నీకు తెలుసు. నువ్వు ఇష్టపడ్డ మనిషిని నేను చెడ్డవాడని ఎలా అంటాను?" అన్నారు.

ఈ జవాబు గొప్పదనం నాకు చాలా ఏళ్లకు గానీ అందలేదు. వదిలేసి వెళ్లినవాణ్ణి ఇంటిల్లిపాదీ కలిసి తిడితే పిల్లకి మనశ్శాంతి వస్తుందనుకుంటారు. కానీ ఆ తిట్లు ఎవరికి తగులుతాయి? వాణ్ణి ఎంచుకున్న పిల్లకే. "నీకు మనుషులు తెలియదు" అని చెప్పినట్టే. రేపు ఆ పిల్లే ఇంకో మనిషిని ఎంచుకోవాలి. తన ఎంపిక మీద నమ్మకమే పోగొట్టుకున్న పిల్ల దేన్ని ఆధారం చేసుకుని ఎంచుకుంటుంది? నాన్న నా నమ్మకాన్ని నా దగ్గరే ఉంచారు.

దీనికి ఒక మినహాయింపు ఉంది, అది గట్టిగా చెప్పాలి. కొట్టినవాడు, బెదిరించినవాడు, ఫోటోలు పట్టుకుని భయపెట్టినవాడు అయితే మౌనం కూడదు. "వాడు చేసింది తప్పు, నీ తప్పేమీ లేదు" అని ముక్కుసూటిగా చెప్పాలి. అలాంటి చోట పెద్దమనిషి తరహా పనికిరాదు.

తర్వాత దొరికిన పెళ్లి

ముప్పై దాటాక మా ఆయన పరిచయమయ్యారు. పెళ్లయింది. కొన్నేళ్లకి బంధువుల్లో ఒకావిడ మా ఇద్దర్నీ చూసి మురిసిపోతూ అంది, "అప్పుడు ఏడ్చావు గానీ, చూశావా, అంతా మన మంచికే!" నాకు తెలియకుండానే నా మొహం ముడుచుకుంది. ఆవిడ మనసులో చెడేం లేదు. కానీ ఆ మాటతో నా ఇరవై ఏళ్ల వయసులోని బాధంతా ఈ పెళ్లికి కట్టిన రుసుముగా మారిపోయింది.

నాకు ఆ లెక్క ఒప్పుకోబుద్ధి కాదు. అతను వెళ్లకపోతే ఈయన దొరికేవారు కాదన్నది నిజమే. అలాగని ఈయన దొరకడం కోసం అతను వెళ్లలేదు. అప్పటి ప్రేమ అప్పటికి నిజం. ఇప్పటి ప్రేమ నిజం కావడానికి దాన్ని అబద్ధం చేయనక్కర్లేదు. మా ఆయనకి ఈ సంగతులన్నీ తెలుసు. పెళ్లికి ముందే చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే, "అప్పుడు నీ పక్కన ఎవరున్నారు?" అని. ఖర్చుల పుస్తకం కథ చెప్పాను.

"తర్వాత మంచివాళ్లు దొరుకుతారు" అన్న మాటలో ఇంకో చిక్కుంది. దొరికినవాళ్లే ఈ కథ చెబుతారు. దొరకనివాళ్లు, లేదా ఇక వద్దనుకున్నవాళ్లు, కథ చెప్పమని అడిగించుకోరు. నాతోపాటు చదువుకున్న ఒకామె పెళ్లి చేసుకోలేదు. ఆమెకూ ఆ వయసులో నాలాగే జరిగింది. ఆమె బాధ కూడా తగ్గింది, పనిలో పేరు తెచ్చుకుంది, ఇంటినిండా మనుషులతో బతుకుతోంది. పెళ్లే ఆ నొప్పికి మందని ప్రచారం చేస్తే, ఆమె మందు దొరకని రోగి అయిపోదా? ఆమెను చూసినవాళ్లెవరూ అలా అనలేరు.

పైగా కొత్త మనిషి వచ్చినంత మాత్రాన పాతదంతా పోదు. రిచర్డ్ రాబిన్స్, అవ్షలోమ్ కాస్పీ, టెర్రీ మోఫిట్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో, యువత ఒక బంధంనుంచి ఇంకో బంధానికి మారినా, త్వరగా కలవరపడే, కోపం తెచ్చుకునే స్వభావం కొత్త బంధంలోని అసంతృప్తిని కూడా ముందే సూచించింది. మనిషి మారితే అన్నీ మారతాయన్న హామీ లేదన్నమాట. నా విషయంలో చూసుకుంటే, పెళ్లయిన కొత్తలో ఆయన రావడం పావుగంట ఆలస్యమైతే నాకు చేతులు చల్లబడేవి. వెళ్లిపోయారేమో అనిపించేది. తెలివికి అది అర్థంలేని భయమని తెలుసు, ఒంటికి తెలియదు. ఆయన దాని గురించి పెద్దగా ఏమీ అడగలేదు. బయటికి వెళ్లేటప్పుడు తలుపు పక్క చిన్న కాగితం మీద "ఎనిమిదింటికల్లా వస్తా" అని రాసి పెట్టడం మొదలుపెట్టారు. ఆలస్యమయ్యేలా ఉంటే ఫోన్ చేసేవారు. అలా ఏళ్ల తరబడి. ఎప్పుడో ఒకనాడు ఆ కాగితం చదవడమే మానేశానని గమనించాను.

మంచివాడు దొరకడమంటే నాకు తెలిసింది ఇదే, అది దొరకడంతో అయ్యే పని కాదు. సమంతా జోయెల్, పాల్ ఈస్ట్‌విక్ నాయకత్వంలో ఒక పెద్ద బృందం 2020లో 43 అధ్యయనాల నుంచి 11,196 జంటల సమాచారం కలిపి చూసింది. బంధం ఎంత బాగుందో అంచనా వేయడానికి, ఆ వ్యక్తుల విడివిడి గుణాలకంటే ఆ ఇద్దరి మధ్య ఏం జరుగుతోందన్నదే ఎక్కువ పనికొచ్చింది. అవతలి మనిషి మనకి కట్టుబడి ఉన్నారన్న నమ్మకం, ఒకరిపట్ల ఒకరికి మెప్పు, గొడవలు ఎలా ఉన్నాయన్నది, ఇలాంటివి. అలాంటప్పుడు పిల్లలతో ఎక్కడో ఒక మేలిరకం మనిషి కాచుకుని ఉన్నాడన్నట్టు మాట్లాడితే, రేపు పెళ్లిలో వచ్చే మొదటి గొడవకే "ఈయన కూడా కాదేమో" అని భయపడతారు.

అమ్మ అడిగిన ప్రశ్న

ఇదంతా ఈమధ్య అమ్మతో అన్నాను. ఆమె కాసేపు విని, "ఆశ చూపించకపోతే నువ్వు నిలబడేదానివా? నీకు నమ్మకం లేనప్పుడు ఎవరో ఒకరు నీ బదులు నమ్మాలి కదా" అంది.

ఈ ప్రశ్నని తీసిపారేయలేను. బాధలో ఉన్నవాళ్ల బదులు ఇంకొకరు నమ్మకం పట్టుకుని ఉండాలన్నది నిజం. నాన్న కూడా ఒకరకంగా ఆ పనే చేశారు, మాటల్లో పెట్టలేదంతే. నేననేది ఏ ఆశ చూపించాలన్న దాని గురించి. "ఇది ఇలాగే ఉండిపోదు, తగ్గుతుంది, అప్పటిదాకా నేనుంటా" అనొచ్చు. దానికి అనుభవం ఉంది, పరిశోధన ఉంది. "మంచి భర్త వస్తాడు" అని ఎవరు ఎవరికి మాటివ్వగలరు? అది ఎవరి చేతిలోనూ లేదు. ఇక పిల్లలు నోరు తెరిచి "మీకూ ఇలా అయిందా?" అని అడిగితే, అప్పుడు చెప్పాలి మన కథ, సుఖాంతానికి తొందరపడకుండా, నడుమ గడిచిన ఏళ్లతో సహా.

నిద్ర, తిండి, చదువు పూర్తిగా పట్టు తప్పినా, బతకాలని లేదన్న మాట ఏ రూపంలో వచ్చినా మాత్రం సలహాల చర్చ పక్కనపెట్టాలి. "చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు. అలా కాదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగి, ఒంటరిగా వదలకుండా, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

అమ్మ చివర్లో ఇంకో మాట అంది. "ఏ ఆశ చూపించాలో ఎంచుకునే ఓపిక నాకప్పుడు లేదే. నువ్వు పడుకున్నాక వంటింట్లో కూర్చుని నేనూ ఏడ్చేదాన్ని. తలదన్నేవాడు వస్తాడని నీకు చెప్పేదాన్ని గానీ, అది నాకు నేను చెప్పుకున్నదే."

ఇన్నేళ్లలో ఈ సంగతి నాకు తెలియదు. ఆ పుస్తకం పట్టుకుని నాన్న నా గదిలోకొచ్చారు, అమ్మ పక్కన మాత్రం ఎవరూ కూర్చోలేదు. నా స్నేహితురాలు కూడా ఫోన్‌లో అన్నిసార్లు "దానితో మాట్లాడు" అంది గానీ, ఆమె గొంతు కూడా బొంగురుపోయే ఉంది. వెళ్లినప్పుడు ముందు ఆమె దగ్గరే కూర్చుంటాను. పిల్ల గది తలుపు తర్వాత తడతాను.